ఏమీ తోచడం లేదనే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు,

సెలవులు మొదలైన నాలుగు రోజులకే "ఏమీ తోచడం లేదు" అన్న మాట మీ నోట వినిపిస్తుంది. దాన్ని నేను తప్పుపట్టను. కొత్త వస్తువు ఇంటికి వచ్చిన రోజు కలిగిన సంబరం నెల తిరిగేసరికి పలచబడుతుందంటే అది మీ లోపం కాదు. ఎంతటి సంతోషానికైనా త్వరగా అలవాటుపడిపోవడం మనసుకు ఉన్న స్వభావం. పెద్ద సంతోషాలు రావడమే అరుదు, వచ్చినవి కూడా అలా పాతబడిపోతే మిగిలిన రోజులు ఎలా గడవాలి? ఉన్నదానితో తృప్తిపడమని పెద్దలు చెబుతారు గాని, ఆ సలహా మీద నాకు అంతగా నమ్మకం లేదు. తృప్తి ఒకరు పడమంటే పడేది కాదు. రోజూ చూసేదాని గురించే ఒక ప్రశ్న పుట్టినప్పుడు మాత్రం ఆ పాతది మళ్లీ కొత్తదవుతుంది.

ఎండిన నేల మీద తొలి చినుకులు పడగానే లేచే వాసననే తీసుకోండి. దాన్ని ఇష్టపడి ఊరుకుంటే అది ఒక్క నిమిషపు ఆనందం. అది ఎక్కడి నుంచి వస్తోందని అడిగినవారికి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు, అవి తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం పరిచయమవుతాయి. నీటిలో లక్ష కోట్ల వంతుల్లో పది వంతులు ఉన్నా మన ముక్కు ఆ పదార్థాన్ని పసిగట్టగలదు. మరి నేలలోని వాసన గాలిలోకి ఎలా ఎగురుతుంది? 2015లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయ పరిశోధకులు అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాతో చూసినప్పుడు, చినుకు నేలను తాకిన చోట మట్టి రంధ్రాలలోని గాలి బుడగలై ఆ చినుకులోంచే పైకి లేచి, పగిలి, సన్నని తుంపరలను చిమ్ముతున్నట్టు తెలిసింది. జోరువానలో కంటే తేలికపాటి వానలో ఈ తుంపరలు ఎక్కువగా లేస్తాయట. ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి మీకు కెమెరా అక్కరలేదు, ముక్కు చాలు.

ఇలాంటి ప్రశ్నలు మార్కులకు పనికొస్తాయా అని అడిగే పెద్దలు మీకు ఎదురవుతారు. పనికిరావచ్చు, రాకపోవచ్చు. ఛార్లెస్ డార్విన్ అప్పటికే లోకమంతా ఎరిగిన శాస్త్రజ్ఞుడు. అయినా ముసలితనంలో వానపాములను కుండీలలో పెంచుతూ, వాటికి చెవులు వినిపిస్తాయో లేదో తెలుసుకోవడానికి వాటి దగ్గర ఈల వేయించి, బసూన్ అనే పెద్ద వాయిద్యం ఊదించి చూశాడు. అవి చలించలేదు. కుండీలను పియానో మీదే ఉంచి ఒక స్వరం మోగించగానే మాత్రం చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. శబ్దం కాదు, ప్రకంపన వాటికి తెలుస్తోందన్నమాట! 1881లో, తాను చనిపోవడానికి ముందు సంవత్సరం, ఈ సంగతులన్నీ ప్రచురించాడు. వానపాములకు సంగీతం వినిపించిన ఆ ఇంట్లో ఎవరూ తోచడం లేదని అని ఉండరని నా అనుమానం.

ఒక్క విషయంలో మాత్రం మీతో పేచీ పెట్టుకుంటాను. ప్రశ్న పుట్టిన మరుక్షణమే ఫోన్‌లో జవాబు వెతక్కండి. జవాబు చూడడం తప్పని కాదు. మీ ఊహ ఏమిటో కాగితం మీద రాసుకుని, ఒక పూటైనా దానితో కుస్తీపట్టిన తరువాత చూస్తే, ఊహ తప్పినా సరదాగానే ఉంటుంది.

కావాలంటే ఈ వారమే మొదలుపెట్టండి. గోడ మీదో గచ్చు మీదో చీమల బారు కనిపిస్తే, అవి కుట్టే రకం కాదని పెద్దవారిని అడిగి తెలుసుకుని, వాటి దారిలో చీమలు లేని కాస్త జాగా చూసి తడిగుడ్డతో ఒక్కసారి అడ్డంగా తుడవండి. అక్కడికి ముందుగా చేరిన చీమ ఏం చేసిందో, దారి మళ్లీ కలవడానికి ఎంతసేపు పట్టిందో, అలా ఎందుకు జరిగిందని మీరు అనుకుంటున్నారో నాకు రాయండి. కారణం నాకు కొంతవరకు తెలుసు గాని, మీ ఉత్తరాలు అందేదాకా చెప్పను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య