క్రైస్ట్‌చర్చ్ నర్సుల ప్రార్థనాలయం వెనక కథ

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చిన్న ఇటుకల ప్రార్థనాలయం ఉంది. భూకంపాల్లో దెబ్బతిని ఏళ్లపాటు మూతపడి, మరమ్మతుల తర్వాత 2018లో మళ్లీ తెరుచుకుంది. ఊరి జనానికి దాని మీద అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1915లో ఏజియన్ సముద్రంలో జరిగిన ఘోరం దగ్గరికి వెళ్లాలి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఆడవాళ్లను పంపడానికి న్యూజిలాండ్ ప్రభుత్వం మొదట్లో వెనకాడింది. సైనిక నర్సుల పెద్ద హెస్టర్ మెక్లీన్ పట్టుబట్టారు. చివరికి 1915 ఏప్రిల్‌లో 50 మంది నర్సుల మొదటి జట్టు ఓడెక్కింది.

అక్టోబరులో 36 మంది న్యూజిలాండ్ నర్సులు అలెగ్జాండ్రియా నుంచి గ్రీసులోని సలోనికాకు 'మార్కెట్' (Marquette) అనే ఓడలో బయలుదేరారు. అది ఆసుపత్రి నౌక కాదు. దాని మీద రెడ్‌క్రాస్ గుర్తు లేదు. అందులో బ్రిటిష్ 29వ డివిజన్ మందుగుండు దళం, వందలాది కంచరగాడిదలు కూడా ఉన్నాయి. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం ఆసుపత్రి నౌకల మీద దాడి చేయకూడదు. సైనికులను, మందుగుండు దళాలను మోసే ఓడలకు ఆ రక్షణ వర్తించదు. రోగులకు సేవ చేయడానికి వెళ్తున్నవాళ్లను అలాంటి ఓడ ఎక్కించడం క్షమించరాని నిర్లక్ష్యం.

అక్టోబరు 23 ఉదయం జర్మన్ జలాంతర్గామి యు-35 ఆ ఓడను టార్పెడోతో కొట్టింది. పావుగంట అటూఇటూగా ఓడ మునిగిపోయింది. దించుతున్న లైఫ్‌బోటు ఒకటి కింద ఉన్న మరో బోటు మీద పడి కొందరు నర్సులు అక్కడికక్కడే చనిపోయారు. మిగతావాళ్లు చెక్కలు, తెప్పలు పట్టుకుని గంటల తరబడి చన్నీళ్లలో ఉండిపోయారు. మొత్తం 167 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో న్యూజిలాండ్ వాళ్లు 32 మంది, అందులో 10 మంది నర్సులు. సముద్రంలోనే పోయినవారి పేర్లు సలోనికా దగ్గరి మిక్రా స్మారకం మీద చెక్కి ఉన్నాయి. ఈ వార్త స్వదేశం చేరగానే జనం మండిపడ్డారు. ఆ తర్వాత, తమ దేశపు వైద్య సిబ్బందిని వీలైనంతవరకు ఆసుపత్రి నౌకల్లోనే పంపాలని న్యూజిలాండ్ గవర్నర్ లివర్‌పూల్ ప్రభువు బ్రిటన్‌ను కోరారు.

చనిపోయిన నర్సుల్లో నోనా హిల్డ్‌యార్డ్, మార్గరెట్ రోజర్స్, లోర్నా రాట్రే క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో శిక్షణ పొందినవాళ్లు. వాళ్ల గుర్తుగా కట్టిన ఈ ప్రార్థనాలయానికి 1927 మార్చిలో యార్క్ డచెస్ శంకుస్థాపన చేశారు. ఆమే తర్వాత బ్రిటన్ రాణి ఎలిజబెత్, రెండో ఎలిజబెత్ తల్లి. 1918 ఫ్లూలో రోగులకు సేవ చేస్తూ అదే జబ్బుతో పోయిన గ్రేస్ బెస్విక్, హిల్డా హుకర్‌లను కూడా ఇక్కడే స్మరిస్తారు. యుద్ధంలో పోయినవాళ్ల సరసన వార్డులో పోయినవాళ్లనూ నిలబెట్టడం నాకు ఎంతో న్యాయంగా అనిపిస్తుంది.

తర్వాతి దశాబ్దాల్లో ఈ కట్టడాన్ని కూల్చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. నర్సులు, నగరవాసులు అడ్డుపడి కాపాడుకున్నారు. అందుకే 2011 భూకంపం తర్వాత కూడా దాన్ని వదులుకోవడానికి వాళ్లు ఒప్పుకోలేదు.