తస్సిలి: నీరు చెక్కిన ఎడారిలో నడక

అల్జీరియాలోని జానెత్ ఊరు దాటి తస్సిలి పీఠభూమి ఎక్కాలంటే జీపు పనికిరాదు, ఒంటె కూడా పనికిరాదు. బండల మధ్య నిట్టనిలువుగా లేచే దారిలో సామాను మోయగలిగేది గాడిద ఒక్కటే. ఇలాంటి కనుమ దారిని అక్కడ అక్బా అంటారు. తెల్లవారకముందే బయల్దేరితే ఒకదాని మీద ఒకటిగా ఉన్న మూడు కనుమలు ఎక్కి, పైకి చేరేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. సహారా అనగానే మనకు ఇసుక తిన్నెలే గుర్తొస్తాయి. నిజానికి ఆ ఎడారిలో ఇసుక పరుచుకున్నది సుమారు నాలుగో వంతే. మిగతాదంతా రాయి, గులకనేల, కొండలు.

అల్జీరియా ఆగ్నేయ మూలన, లిబియా, నైజర్ సరిహద్దుల దగ్గర ఉంది తస్సిలి నజ్జెర్. విస్తీర్ణం 72,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో దాదాపు మూడింట రెండు వంతులు. 1982లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ నడిచేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట: నీటి గుర్తులు వెతుక్కుంటూ నడవండి. ఇంత ఎండిన నేలలో కంటికి కనిపించే ప్రతి ఆకారం వెనకా నీరే ఉంది.

మొదటి గుర్తు కాలి కిందే. తస్సిలిలోని ఇసుకరాయి మీద కొన్నిచోట్ల ఒకే దిక్కుకు సాగే గీతలు, గాడులు కనిపిస్తాయి. అవి హిమానీనదం గీసినవి. 44 కోట్ల ఏళ్ల కిందట, ఆఫ్రికా, ఇండియా, దక్షిణ అమెరికా అన్నీ గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉన్న రోజుల్లో, ఇప్పటి సహారా దక్షిణ ధ్రువం దగ్గర ఉండేది. మంచు పలకలు అడుగున రాళ్లను ఈడ్చుకుంటూ జరిగినప్పుడు పడ్డ గీతలివి. 1960లలో ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని గుర్తించి పరిశీలించారు. మధ్యాహ్నపు ఎండలో ఆ గాడి మీద అరచెయ్యి పెట్టి, ఇది మంచు చేసిన పని అనుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత వచ్చింది వాన. ఇసుకరాయిలోని పగుళ్లలోకి దిగిన నీరు లక్షల ఏళ్లపాటు వాటిని వెడల్పు చేస్తూ పోయింది. పగుళ్లు సందులయ్యాయి, సందులు వీధులయ్యాయి, మధ్యలో మిగిలిన రాయి స్తంభాలై నిలబడింది. వీటిని రాతి అడవులు అంటారు. సెఫార్ దగ్గర ఈ స్తంభాల మధ్య నడుస్తుంటే జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన పట్నంలో తిరుగుతున్నట్టే ఉంటుంది. గాలి, ఇసుక కూడా రాయిని కోశాయి, కానీ పెద్ద పని వాననీటిదే.

ఈ స్తంభాల అడుగున, నీడ పట్టున ఉన్న గోడల మీద బొమ్మలున్నాయి. రాతిలో చెక్కినవి, రంగుతో వేసినవి కలిపి 15,000కు పైగా. నాకు వీటిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఏ ఒక్క బొమ్మో కాదు, జంతువులు మారే వరస. పాత బొమ్మల్లో ఏనుగులు, జిరాఫీలు, నీటిగుర్రాలు. ఆ తర్వాత ఆవుల మందలు, మచ్చలు, కొమ్ముల వంపు కూడా విడివిడిగా తెలిసేంత ప్రేమగా వేసినవి. సుమారు 3,000 ఏళ్ల కిందటి నుంచి గుర్రాలు. 2,000 ఏళ్ల కిందటి నుంచి ఒంటెలు. నీటిగుర్రానికి పగలంతా నీళ్లలో మునిగి ఉండేంత లోతైన మడుగు కావాలి. ఆవుకు రోజూ నీళ్లు, గడ్డి కావాలి. ఒంటె రోజుల తరబడి నీళ్లు లేకుండా ఉండగలదు. వాన ఎంత పడిందో ఎవరూ లెక్క రాయని కాలానికి ఈ గోడలే లెక్కలు.

ఆవుల బొమ్మలు ఊహించి వేసినవి కావని ఇంకో చోటి నుంచి రుజువు దొరికింది. సరిహద్దుకు అవతల లిబియాలోని తకర్కోరి రాతి గుహలో దొరికిన కుండ పెంకుల్లో పాలకొవ్వు ఇంకిపోయి ఉందని 2012లో తేల్చారు. సుమారు 7,000 ఏళ్ల కిందట అక్కడివాళ్లు పాలు పితికి, కుండల్లో కాచుకున్నారన్నమాట.

అంత పచ్చదనం ఎలా వచ్చింది, ఎలా పోయింది? భూమి తన అక్షం మీద తిరుగుతూనే, వేగం తగ్గిన బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంది. ఒక్క చుట్టు పూర్తవడానికి 20 వేల ఏళ్లకు పైనే పడుతుంది. దీనివల్ల భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే రోజు మారుతూ ఉంటుంది. ఇప్పుడది జనవరి మొదటి వారంలో వస్తోంది. 9,000 ఏళ్ల కిందట జులైలో వచ్చేది. అంటే ఉత్తరార్ధగోళంలో ఎండాకాలమూ, సూర్యుడి దగ్గరితనమూ ఒకేసారి కలిశాయి. అప్పటి జులై ఎండ ఇప్పటికన్నా 7 శాతం ఎక్కువని, అది ఋతుపవనాలను బలపరచడానికి చాలునని 1981లో జాన్ కుట్జ్‌బాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించారు. నేల బాగా వేడెక్కితే దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి అట్లాంటిక్ నుంచి తడిగాలి దూసుకొస్తుంది. వాన పడి గడ్డి మొలిస్తే, తెల్లటి ఇసుకలా అది ఎండను తిప్పికొట్టదు. దాంతో నేల ఇంకా వేడెక్కి, ఇంకా వాన పడుతుంది. బొంగరం తల తిరిగేకొద్దీ ఇదంతా వెనక్కి నడిచింది. 5,000 ఏళ్ల కిందటికి సహారా మళ్లీ ఎడారి అయిపోయింది.

ఆ బొంగరమే మన వానలనూ ఆడించింది. గోదావరి సముద్రంలో కలిసేచోట బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన బురదలో, నది కొట్టుకొచ్చిన, ఆకుల మీద ఉండే మైనం పొరలు పొరలుగా ఉంది. ఆ పొరలను చదివితే, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి గోదావరి పరీవాహకంలో కరువును తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చాయని తెలిసింది. మన దగ్గర నేల పొడిబారింది కానీ వాన ఆగలేదు. తస్సిలిలో ఆగిపోయింది.

ఇక నడిచే మనిషి సంగతి. ఇక్కడ ట్రెక్కింగ్ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే. విదేశీయులు స్థానిక ఏజెన్సీ, గైడ్‌తోనే వెళ్లాలి. 2003లో అల్జీరియా సహారాలో 32 మంది యూరప్ పర్యాటకులు కిడ్నాప్ అయ్యాక ఇటువైపు వచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారు, ఇప్పుడిప్పుడే మళ్లీ వస్తున్నారు. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టీపట్టకముందే ఆరిపోతుంది. ఒక లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది, ఆ లీటరు పోయిన సంగతి మాత్రం చొక్కా చెప్పదు. అందుకే దాహం వేసేదాకా ఆగకూడదు. మెత్తటి ఇసుకలో నడిస్తే గట్టినేల మీద కన్నా రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. ఇక్కడి ఎడారి జాతి తువారెగ్‌కు చెందిన గైడ్ తిన్నెను అడ్డంగా దాటకుండా, గాలి కొట్టి గట్టిపడిన వైపు అంచు పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్తాడు. మనం అతని అడుగుల్లో అడుగు వేస్తే చాలు. అతని ముక్కూ నోరూ కప్పే పొడవాటి తలపాగా దుమ్మును ఆపడమే కాదు, ఊపిరితో పోయే తేమలో కొంత తిరిగి అందిస్తుంది.

పగలు అంత ఎండ కాసినా డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు గడ్డకట్టేంత చలి. మన కోస్తాలో ఎండాకాలం రాత్రి ఉక్కపోస్తుందంటే, గాలిలోని తేమ నేల వేడిని దుప్పటిలా కప్పి ఉంచుతుంది కాబట్టి. తస్సిలి గాలిలో ఆ దుప్పటి లేదు. మెత్తటి ఇసుక కదా అని ఎండిన వాగులో పడక వేసుకోకూడదు. ఎక్కడో దూరాన కురిసిన వాన, నెత్తి మీద నక్షత్రాలు మెరుస్తుండగానే వరదై వస్తుంది.

బొమ్మల గురించి బాధతో ఒక మాట చెప్పాలి. రంగు తేలి ఫొటో బాగా రావాలని వాటి మీద నీళ్లు చల్లేవాళ్లున్నారు. 1956లో ఫ్రెంచ్ అన్వేషకుడు ఆన్రీ లోత్ నడిపిన బృందం కూడా నకళ్లు తీసుకోవడానికి గోడలను తడిపింది. వేల ఏళ్లు నిలిచిన రంగు దానివల్ల వెలిసిపోయింది. దయచేసి తడపకండి, ముట్టుకోకండి.

పీఠభూమిలో నీళ్లు అసలు లేవని కాదు. రాతి గిన్నెల్లో, నీడలో నిలిచే మడుగులను గెల్తా అంటారు, మన కొండల్లోని గుండాల్లాంటివి. ఎండిన వాగు ఇసుకను చేత్తో తోడి నీళ్లు పట్టుకునే గుంత కూడా ఉంది, మన చెలమలాగే. ఇమిహ్రూ వాగు మడుగుల్లో 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా మొసళ్లు బతికాయి. పచ్చని సహారా తగ్గిపోతుంటే మడుగులోనే చిక్కుకుపోయిన సంతతి అది. వేటకు బలైపోయింది.

చిక్కుకుపోయి కూడా ఇంకా బతికున్నది తరూత్. తమ్రిత్ దగ్గరి లోయలో, ఎండిన వాగుల ఒడ్డున, మెలికలు తిరిగిన మానుతో నిలబడే సైప్రస్ చెట్టు. 2001 నాటి లెక్కలో సహజంగా పెరిగినవి 233 మిగిలాయి. కొన్నిటి వయసు 2,000 ఏళ్లు దాటిందని అంచనా. దీని సంతానోత్పత్తి మరీ వింత. మామూలు చెట్లలో పుప్పొడి, అండం కలిసి పిండమవుతుంది. తరూత్‌లో పుప్పొడి ఒక్కటే పిండంగా ఎదుగుతుందని 2001లో కనుగొన్నారు. తల్లిచెట్టు ఆహారం పెట్టి పెంచుతుంది తప్ప, ఆ మొక్కలో ఆమె జన్యువులు ఉండవు. దక్షిణ ఫ్రాన్స్‌లో వీటి విత్తనాలతో మొక్కలు పెంచుతున్నారు. తమ్రిత్‌లో మాత్రం పెద్ద చెట్ల వేళ్లు లోతున ఉన్న తడిని అందుకుంటున్నా, కింద రాలిన విత్తనం మొలకెత్తి నిలవడానికి పైనేలలో తడి చాలడం లేదు. ఆ లోయలో లేత తరూత్ కనిపించడం చాలా అరుదు.