మీటరు మీద ఎర్ర చుక్క

మే నెల బిల్లు చేతిలో పట్టుకుని మా అమ్మ వీధి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏటి నాన్నా, నలుగురున్న ఇంటికి 260 యూనిట్లేటి? మీటరు ఊరికే తిరిగేస్తందేమో ఓసారి చూడు" అంది. శ్రీకాకుళంలో మా వీధిలో ఆ నెల ఎవరి నోట విన్నా ఇదే మాట. పక్కింటి పిన్నిగారు మీటరు మార్చమని అర్జీ కూడా రాయించుకున్నారు. అమ్మ మాత్రం తనకి తోచిన మార్గం పట్టింది. మేం గదిలోంచి బయటికి రావడం ఆలస్యం, వెనకే వచ్చి లైటు ఆర్పేది.

అది చూసి నాకు బాధేసింది. లైటు ఆర్పడం తప్పని కాదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రోజుకి ఇరవైసార్లు లేచి ఆర్పితే మిగిలేది ఎంతని? 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకి ఆరు గంటల చొప్పున నెలంతా వెలిగినా ఖర్చయ్యేది 1.6 యూనిట్లు. మా బాత్‌రూములో ఉన్న 2 కిలోవాట్ల గీజరు అంత కరెంటునీ 50 నిమిషాలు తిరక్కుండానే తాగేస్తుంది. నొప్పుల వల్ల అమ్మకి ఎండాకాలంలో కూడా వేణ్ణీళ్ళే కావాలి. ఈ మాట నోటితో చెబితే నమ్మదు. అందుకే ఆదివారం పొద్దున్న ఆవిణ్ణి కుర్చీ వేసి మీటరు ముందు కూర్చోబెట్టాను.

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల మీద చిన్న ఎర్ర లైటు ఒకటి మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. మా మీటరు మీద 3200 అని ఉంది, మీ ఇంట్లో వేరే అంకె ఉండొచ్చు. ఆ లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. యూనిట్ అంటే వెయ్యి వాట్ల సామాను గంటసేపు వాడే కరెంటు. శక్తిని కొలిచే జౌల్ అనే చిన్న కొలతలో చెప్పుకుంటే 36 లక్షల జౌళ్ళు. అంటే మా మీటరు మీద ఒక్కో మెరుపు ఖరీదు 1,125 జౌళ్ళు.

ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్కొక్కటే వేస్తూ పోయాం. ముందు ఫ్యాను. నిమిషానికి నాలుగు మెరుపులు, అంటే 75 వాట్లు. తర్వాత ఎల్ఈడీ బల్బు ఒక్కటే వేశాను. అమ్మ చూస్తోంది, చూస్తోంది... మెరవదే! రెండు నిమిషాలు దాటాక ఒక్కసారి మెరిసింది. "ఇంతేనా?" అంది. అప్పుడు గీజరు స్విచ్చి వేశాను. లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేసింది. "గుండె దడొచ్చినట్టు కొట్టుకుంటందేటి ఇది!" అంది. నిమిషానికి 106. ఆ రోజు నుంచి అమ్మ లైట్ల వెనకాల పరిగెత్తడం మానేసింది.

వెలుతురు ఇంత చౌక అవడం మన కళ్ళ ముందే జరిగింది. పాత 60 వాట్ల బల్బులో నూటికి ఐదు పాళ్ళ కరెంటు కూడా సరిగ్గా వెలుగయ్యేది కాదు, మిగతాదంతా వేడే. నీలి రంగు ఎల్ఈడీ కుదిరాకే తెల్లటి ఎల్ఈడీ బల్బు సాధ్యమైంది. ఆ పని చేసిన అకసాకి, అమనో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. దీపం సమస్య దాదాపు తీరిపోయింది. తీరనిది వేడి.

వేడి ఎందుకంత ఖరీదు? 20 లీటర్ల బకెట్టు నీళ్ళని 25 డిగ్రీల నుంచి 40కి తెస్తే చాలు, స్నానానికి సరిపోతాయి. దానికి కావాల్సింది 12.5 లక్షల జౌళ్ళు, అంటే మూడో వంతు యూనిట్ పైచిలుకు. అంతే శక్తితో పది క్వింటాళ్ళ ధాన్యాన్ని నలభై అంతస్తుల ఎత్తుకి లేపొచ్చు! ఒక్క బకెట్టు వేణ్ణీళ్ళలో అంత బరువు మోసే సత్తా ఉంది. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ బరువుల్ని కిందికి దించుతూ, ఆ కదలికతో నీళ్ళలో తెడ్లు తిప్పి, నీళ్ళు ఎంత వేడెక్కాయో కొలిచి తేల్చిన లెక్క ఇది. ఎంత బరువు దింపినా నీళ్ళు వేడెక్కేది పిసరంతే. మోటారు తిప్పడం, బల్బు వెలిగించడం, టీవీ మోగించడం కరెంటుకి తేలిక పనులు. నీళ్ళు కాచడం బరువు పని.

పైగా మనం చేస్తున్న బేరం కూడా నష్టపు బేరమే. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైన రోజుల సంగతి వేరు. ఇప్పుడు గ్రిడ్‌లోకి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రానికి ఒడిశా తాల్చేరు నుంచి బొగ్గు వస్తుంది. యూనిట్‌కి ముప్పావు కిలోకి కాస్త అటూ ఇటూగా బొగ్గు కాలుతుంది. ఆ వేడిలో సుమారు మూడో వంతే కరెంటుగా మారుతుంది. అలా కష్టపడి తయారుచేసిన కరెంటుని ఇంటికి తెచ్చుకుని తిరిగి వేడిగా మార్చేస్తున్నాం! మా అమ్మమ్మ ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి పెరట్లో ఎండకి పెట్టేది, మధ్యాహ్నానికి పిల్లల స్నానాలకి సిద్ధం. మా మేడ మీద నల్ల ట్యాంకు ఇప్పుడు అదే పని చేస్తోంది. అమ్మ స్నానం పొద్దున్న ఆరింటి నుంచి సాయంత్రం నాలుగింటికి మార్చాం. ఎండాకాలంలో గీజరు అక్కర్లేదు. చలికాలంలో దాని థర్మోస్టాట్ 65 నుంచి 45కి దించేశాం. 65కి కాచి చన్నీళ్ళు కలుపుకుని, మిగిలినవి ట్యాంకులో చల్లారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎందుకు?

ఇప్పుడు బిల్లులో పడే రేట్ల శ్లాబుల సంగతి. 2022లో ఖరారైన ధరల ప్రకారం ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇవి మెట్లు. పై మెట్టు ఎక్కామని కింది యూనిట్ల ధర మారదు. చాలామంది "ఒక్క యూనిట్ దాటితే మొత్తానికి పెద్ద రేటు పడిపోతుంది" అని టెన్షన్ పడతారు, ఈ ధరల్లో అది నిజం కాదు. కానీ ఇందులోంచే అసలు సంగతి బయటపడుతుంది. 260 యూనిట్లకి కరెంటు చార్జి 1,323 రూపాయలు, 225కి 1,017. యూనిట్లు తగ్గింది నూటికి 13 వంతులే, డబ్బు తగ్గింది 23 వంతులు. మనం ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ పై మెట్టు మీదిదే, అన్నిటికన్నా ఖరీదైనది. ట్రూ అప్ (పాత ఖర్చుల తేడా వసూలు), ఇంధన సర్దుబాటు అంటూ కలిపేవి ఈ లెక్కలో చేర్చలేదు.

మాకు ఆ పై మెట్టు ఎక్కించింది ఏసీ. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తీరం సంగతి వేరు.

అనంతపురంలో ఉండే మా బావ "ఏసీ ఎందుకురా, కూలర్ కొనుక్కో" అంటాడు. వాళ్ళకి అది బాగానే పనిచేస్తుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. పొడి గాలి ఆ ఆవిరిని పీల్చుకుంటుంది. మనకి సముద్రం పక్కనే. మే నెల రాత్రి గాలి అప్పటికే నీటితో బరువెక్కి ఉంటుంది. చెమట పడుతుంది, ఆరదు. ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఉక్కపోత అంటే ఇదే. థర్మామీటరు 31 చూపిస్తున్నా ప్రాణం మాత్రం విలవిల్లాడిపోతుంది. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న గదిలో అలాంటి రాత్రి గాలిలోనే దాదాపు లీటరు నీరు కనబడకుండా తేలుతూ ఉంటుంది.

ఏసీ వేయగానే ఆ నీరు చల్లటి గొట్టాల మీద చినుకులు కట్టి బయటికి కారుతుంది. ఒక రాత్రి ఆ డ్రెయిన్ పైపు కింద బకెట్టు పెట్టాను. తెల్లారేసరికి 8 లీటర్లు! ఒక లీటరు ఆవిరి నీరవ్వాలంటే దాని నుంచి 0.68 యూనిట్ వేడిని లాగెయ్యాలి. ఎనిమిది లీటర్లకి ఐదున్నర యూనిట్ల వేడి. ఏసీ వేడిని పుట్టించదు, లోపలిదాన్ని బయటికి తోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడిని పంపగలదు. ఆ లెక్కన రాత్రికి యూనిటున్నర కరెంటు గదిని చల్లబరచడానికి కాదు, గాలిని పిండడానికే పోయింది. నెలకి 45 యూనిట్లు.

అంత నీరు ఎక్కడి నుంచి వచ్చింది? గదిలో నలుగురం ఊపిరి వదులుతాం, అది తప్పదు. కానీ బాత్‌రూము తలుపు బారుగా తెరిచి ఉంది. వాన పడుతోందని ఆరని బట్టలు దండెం కట్టి లోపలే ఆరేశాం. కిటికీ రెక్కకి వేలు పట్టేంత సందుంది. ఆ దండెం మీది బట్టల తడినంతా ఏసీ చేత పిండిస్తున్నామని అప్పటిదాకా తట్టలేదు. దండెం వరండాలోకి మార్చి, బాత్‌రూము తలుపు వేసి, కిటికీ సందుకి రబ్బరు పట్టీ అంటించాక బకెట్టులో నీళ్ళు ఐదు లీటర్లకి దిగాయి. తేమ తగ్గితే 26 డిగ్రీల దగ్గర కూడా హాయిగా నిద్రపడుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా చేసింది ఇందుకే. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే ఆ 26 ఇంకా చల్లగా అనిపిస్తుంది.

ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను గదికి కాస్త వేడే ఇస్తుంది. మా హాల్లో పాత ఫ్యాను తీసి, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టించాం. మీటరు మీద నాలుగు మెరుపుల చోట ఒకటిన్నర. రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యానుకి నెలకి 20 యూనిట్ల తేడా. బిల్లులో తేడా చేసే వస్తువంటే ముందు దీన్నే చెబుతాను, ఏసీ లేని ఇంటికైతే మరీను.

గది వేడెక్కేది పైకప్పు నుంచి. అమ్మమ్మ వాళ్ళది ఉద్దానంలో చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడలు, నడుము వంచి దూరేంత కిందికి దిగిన గడ్డికప్పు. తుఫాను గాలి గుండ్రటి గోడని చుట్టి జారిపోతుంది. గడ్డి మధ్య ఇరుక్కున్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. ఊళ్ళో శ్లాబు ఇళ్ళవాళ్ళు లోపల పడుకోలేక అరుగుల మీదికి వచ్చేశారు. కాంక్రీటు పగలంతా ఎండ తాగి నాలుగైదు గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. సరిగ్గా మనం పడుకునే వేళకి శ్లాబు కింది వైపు పెనంలా ఉంటుంది. ఏసీ సగం దానితోనే పోట్లాడుతుంది. మేం మేడ మీద సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేశాం. తెల్లటి పూత ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. పడకగది పైన మాత్రం ఊరి నుంచి తెచ్చిన కొబ్బరాకుతో పందిరి కూడా వేశాం. ఖర్చు చెప్పుకోదగ్గది కాదు, ఫలితం మొదటి రాత్రే ఒంటికి తెలిసింది.

వంటింటి గురించి రెండు ముక్కలు. 14.2 కిలోల గ్యాస్ బండలో సుమారు 180 యూనిట్ల వేడి ఉంది. మామూలు గిన్నెలో నీళ్ళు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా అవి 100 డిగ్రీలు దాటవు, అదనపు మంట ఆవిరి కింద పోతుంది. కుక్కర్ కూత వేశాక సిమ్‌లో పెడితే చాలు. కందిపప్పు అరగంట నానితే పొయ్యి మీద ఉండే సమయం బాగా తగ్గుతుంది.

పీఎం సూర్యఘర్ పథకంలో మేడ మీద 3 కిలోవాట్ల సోలార్‌కి 78,000 రూపాయల రాయితీ ఉంది. కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. మంచి పథకమే. నేనైతే ముందు వాడకం తగ్గించుకుని, తర్వాత ఎంత అవసరమో చూసి పెట్టించుకోమంటాను. తుఫాన్ల తీరం కాబట్టి ఫ్రేమ్ బిగింపు దగ్గర పొదుపు చెయ్యొద్దు.

ఆ ఆదివారం ఇంకో సంగతి తేలింది. ఇంట్లో అన్ని స్విచ్చులూ కట్టేశాం, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశాం. అయినా ఎర్ర చుక్క అరనిమిషానికోసారి మెరుస్తూనే ఉంది. 35 వాట్లు! రాత్రీ పగలూ ఇలాగే పోతే నెలకి 25 యూనిట్లు. వెతికితే టీవీ ఆపినా ఆగని సెట్‌టాప్ బాక్సు, వైఫై రౌటరు, నిండిన బ్యాటరీకి కూడా కాస్త కాస్త తాపుతున్న ఇన్వర్టరు దొరికాయి. సెట్‌టాప్ బాక్సుని గోడ దగ్గరే ఆపుతున్నాం. రౌటరు రాత్రి పదకొండుకి ఆగిపోతుంది. ఇన్వర్టరు లేకుండా ఈ ఊళ్ళో గడవదు, దాన్ని ఉండనిచ్చాం.

జులై బిల్లు 188 యూనిట్లు. ఆ మూడూ పీకేసి చూసినా రెండు నిమిషాలకోసారి ఒక మెరుపు మిగిలే ఉంది. ఎక్కడిదో ఇంకా దొరకలేదు. కాలింగ్ బెల్ దగ్గరి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద నాకు అనుమానం, అమ్మకి మాత్రం పాత మోటారు వైరు మీద. వచ్చే ఆదివారం కుర్చీ మళ్ళీ మీటరు ముందు వేస్తాం.