బుల్లి తమ్ముడికి నడిమి పేరు

విజయనగరం

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ మీ మామ్మ ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ బాబాయి నిన్న రాత్రి అమెరికా నుంచి ఫోన్ చేశాడు. గుంటడికి అద్వైత్ అని ఖాయం చేసుకున్నారట. కృత్తిక ఒకటో పాదం, 'అ' వచ్చింది కాబట్టి పంతులుగారితో పేచీ లేదు. (హస్త మూడో పాదమైతే 'ణ' వచ్చేది. ఆ అక్షరంతో పేరు ఎవరు తేగలరు చెప్పండి!) ఇక్కడైతే 1969 నాటి చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించుకుని, ఏడాదిలోగా రుసుం లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అక్కడ మాత్రం తల్లీబిడ్డా ఇంటికి వెళ్ళేలోపే కాగితం చేతిలో పెడతారట. అందులో మొదటి పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి, మధ్యలో నడిమి పేరుకొక గడి. ఆ గడి ఖాళీగా వదిలేసినా ఎవరూ ఏమీ అనరు గానీ, బాబాయికి వదలాలని లేదు. "చిన్నదిగా ఉండాలమ్మా, పిల్లల్నే చూడమను" అన్నాడు. మీరేమో చాంతాడంత లిస్టు పంపారు.

చూశాను. విహాన్, ఆరవ్, రేయాంశ్... అవన్నీ పిలుచుకునే పేర్లు. పిలుచుకోవడానికి అద్వైత్ ఉందిగా. నడిమి పేరుకి మన ఇళ్ళల్లో వేరే పని ఉంది. ముందు ఇంటిపేరు, చివర పిలిచే పేరు, ఆ రెండింటి మధ్యా ఇంటి దేవుడో, పోయిన పెద్దవాళ్ళో కూర్చుంటారు. గురజాడ వెంకట అప్పారావుగారిని చూడండి. మన ఊళ్ళోనే ఉండి, 1915లో ఇక్కడే పోయారు. గిడుగు వెంకట రామమూర్తిగారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. మీ బళ్ళో తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆ రోజునే. ఇద్దరికీ నడుమ ఉన్నది వెంకన్నే. కానీ మీకెవరికైనా ఆ 'వెంకట' గుర్తుందా? అందరికీ ఉండే పేరు చివరికి పొడి అక్షరమై కూర్చుంటుంది. ఇప్పుడు సాయి సంగతీ అంతే. కాబట్టి మీ లిస్టులోంచి వెంకట, సాయి, శ్రీ కొట్టేయండి. దేవుళ్ళ మీద నాకేం కోపం లేదు.

మనవైపు దేవుళ్ళకి కరువా? సింహాచలం అప్పన్న పేరు మీద అప్పలనాయుళ్ళు, అప్పలస్వాములు. మూడు లాంతర్ల దగ్గర నిలబడి "అప్పల్నాయుడూ" అని ఒక్క కేక వెయ్యండి, నలుగురు వెనక్కి తిరక్కపోతే నన్నడగండి. శ్రీకూర్మం వల్ల కూర్మారావులు, కూర్మినాయుళ్ళు. పైడితల్లమ్మ వల్ల పైడిరాజులు, పైడమ్మలు. ఇక అరసవల్లి స్వామి పేరు ఇంటికొకరికి ఉంటుంది. అది మాత్రం నేను రాయను, ఎందుకో కాసేపట్లో చెప్తా. తవిటినాయుడు అన్న పేరు విని మీరు నవ్వుతారు గానీ, అది దేవుడి పేరు కాదు, భయంతో పెట్టిన పేరు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేసేవారు. చౌక సరుకని మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. పెంటయ్య కూడా అలాంటిదే.

అసలు సంగతికొస్తాను. మీ తాతయ్యకి వాళ్ళ తాతగారి పేరు పెట్టారు, అదే ఆ అరసవల్లి స్వామి పేరు. మా అత్తగారికేమో ఆ మామగారి పేరు నోటితో పలకడానికి లేదు, ఆ రోజుల్లో ఆ పట్టింపు గట్టిగా ఉండేది. అన్నానికి పిలవాలన్నా "బాబూ", తిట్టాలన్నా "బాబూ". మామగారి పేరు పెట్టుకుని "ఒరేయ్" అని ఎలా అంటుంది మరి? ఈయన పెన్షన్ తీసుకునే వయసులోనూ ఆవిడకి బాబే. ఆ పేరు ఇప్పుడు నా భర్తది కాబట్టి, నేనూ పలకను. చూశారా, పెద్దల పేరు పిలిచే చోట పెడితే ఇంట్లో ఎవరికీ పిలవడానికి ఉండదు. నడిమి గడిలో పెట్టామనుకోండి, పేరు కాగితం మీద ఉంటుంది, తిట్లన్నీ అద్వైత్‌కే పోతాయి.

పొట్టిగా ఉండాలంటే ఎంత? పాత గృహ్యసూత్రాలు మగపిల్లాడికి రెండక్షరాలో నాలుగక్షరాలో అన్నాయి. మొదట గ, ద, బ లాంటి నాదమున్న హల్లు, మధ్యలో య ర ల వల్లో ఒకటి ఉండాలన్నాయి. తాతయ్య పేరునే అర్థం చెడకుండా పొట్టి మాటలో చెప్తే 'రవి' అవుతుంది. సూత్రానికి అతికినట్టు సరిపోయింది, పైగా నాకు పలకడానికి అడ్డు లేదు! మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే కిరణాలు సూటిగా వచ్చి తాకేది ఆ అరసవల్లి స్వామినే కదా. 'పైడి' కూడా నాకిష్టమే. మొదటక్షరం పరుషం, సూత్రం ఒప్పుకోదు. ఆ సూత్రాలు రాసినవాళ్ళు మన పైడితల్లమ్మ సిరిమాను సంబరం చూడలేదు, వాళ్ళనేమీ అనకండి.

ఇంకో చిక్కుంది. అద్వైత్ అచ్చుతో మొదలైంది. 'రామ అద్వైత్' అని గబగబా అనండి, రామాద్వైత్ అయిపోయి ఏదో మఠం పేరులా వినిపిస్తుంది. 'కూర్మ' పెట్టినా అంతే. చివర ఇకారమున్న పేరైతే నిలబడుతుంది. రవి అద్వైత్ అంటే మహా అయితే మధ్యలో సన్నగా ఒక 'య' వినిపిస్తుంది. వాళ్ళ కాగితాల్లో వరుస తిరగబడి 'అద్వైత్ రవి' అవుతుంది కాబట్టి అలా కూడా పలికి చూడండి. పాస్‌పోర్టులో, వాళ్ళదైనా మనదైనా, ఇంటిపేరు ఒక చోట, మిగతా పేర్లన్నీ ఇంకోచోట కలిపి వేస్తారు. "రవి మీ నాన్న పేరా" అని అడిగేవాళ్ళుంటారు, అడగనివ్వండి.

ఇంగ్లీషు అక్షరాల్లో రవికి తంటా లేదు. పైడిని ఒకరు వై పెట్టి రాస్తారు, ఇంకొకరు ఏ, ఐ పెట్టి రాస్తారు, అమెరికా వాడు 'పెయిడ్' అంటాడు. న్యూమరాలజీ అంటూ అదనంగా ఓ అక్షరం తగిలించడం నాకు బొత్తిగా గిట్టదు. రేపు ఒక సర్టిఫికెట్‌లో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే తిరగాల్సింది వాడే.

మీ పిన్నిని అడక్కుండా మాత్రం ఏదీ తేల్చకండి. బిడ్డ మీద వాళ్ళవైపు పెద్దలకీ అంతే హక్కుంది. వాళ్ళది అరసవల్లి ఉన్న శ్రీకాకుళమే, రవి అంటే కాదనరనే అనుకుంటున్నాను.

ఆదివారంలోగా ఇద్దరూ ఒక మాట మీదికొచ్చి బాబాయికి చెప్పండి. బారసాల వీడియోలో చూపిస్తారట. పళ్ళెంలో బియ్యం పోసి బంగారు ఉంగరంతో పేరు రాసేది మీ బాబాయే. పెద్ద ఇత్తడి పళ్ళెం అక్కడ దొరకలేదట, స్టీలు కంచంతోనే కానిస్తారట. మీరేది తేల్చినా రెండక్షరాలు దాటనివ్వకండి, ఆ కంచంలో పట్టదు.

ఇట్లు
మీ మామ్మ