రాత్రిని కొలిచే అనపకాయ

కార్తికం వచ్చిందంటే బెంగళూరులో మా ఇంట్లో సాయంత్రాలు అనపకాయల కుప్ప చుట్టూనే గడుస్తాయి. కోస్తా వాళ్లు ఆనపకాయ అంటే సొరకాయ అనుకుంటారు. నేను చెప్పేది చిక్కుడు జాతి కాయ, కన్నడంలో అవరెకాయి. పేపరు పరిచి ఒలుస్తుంటే వేళ్లకి నూనె జిడ్డు అంటుకుంటుంది, దాంతోపాటే ఆ ఘాటు వాసన. కన్నడ వాళ్లు దాన్ని సొగడు అంటారు. మంచు కురిస్తేనే సొగడు వస్తుందని కాయలమ్మే ఆవిడ మాట. ఆ వాసన ఉండేది మాత్రం కాయ తొక్క మీద ఊరే నూనెలో. అందులో 12, 14 కార్బన్లున్న రెండు కొవ్వు ఆమ్లాలే దానికి మూలం. అందుకే ఒలిచిన గింజలు కొనడం నాకిష్టం ఉండదు. సగం ఆనందం తొక్కతోనే పోతుంది.

మరి ఈ కాయ చలికాలానికే ఎందుకు వస్తుంది? నాటు రకాలను ముందుగా విత్తినా తీగ సాగుతుందే గానీ పూత రాదు. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంటుంది. దాని సాయంతో మొక్క చీకటి ఎంతసేపు ఉందో కొలుచుకుంటుంది. రాత్రి తగినంత పొడవైతేనే పూస్తుంది. బెంగళూరులో జూన్ పగటికీ డిసెంబర్ పగటికీ తేడా గంటన్నరే. మనం గమనించని ఆ కాస్త తేడాని ఒక తీగ పట్టుకుంటుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. హెబ్బాళలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పగటి పొడవుతో పనిలేకుండా కాసే హెబ్బాళ అవరె రకాలు తెచ్చారు. రైతుకి అది మేలే. నేను మాత్రం నాటుకాయ కోసమే ఎదురుచూస్తాను.

గింజల్ని రాత్రంతా నానబెడితే పైపొర నీళ్లు పీల్చి వదులవుతుంది. పొద్దున వేళ్లతో పితికితే పప్పు జారి గిన్నెలో పడుతుంది. పితికిపప్పు అన్న పేరు అలా వచ్చిందే. పచ్చిగా మాత్రం తినకూడదు. అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు ఇందులో ఉంటాయి, ఉడికిస్తే వాటి బలం తగ్గిపోతుంది.

ఉడికించడంలోనే అసలు కథ ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. చెన్నైలో మా అక్క గిన్నెలో ఉడికించే గింజలు నా దగ్గర ఇంకాస్త సేపు తీసుకుంటాయి. ముదురు గింజలైతే నేను కుక్కరే పెడతాను, ఆవిరి ఒత్తిడికి వేడి 100 దాటుతుంది. గింజ మెత్తబడడం అంటే కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ కరగడం. బోరు నీళ్లలోని కాల్షియం ఆ పెక్టిన్‌ని గట్టిపరుస్తుంది. చింతపండు పులుపు దాన్ని కరగనివ్వదు. మేం ఈ ఇంటికి వచ్చిన కొత్తలో బోరు నీళ్లతో వండి, పులుసు ముందే పోసేశాను. గంట ఉడికినా గింజలు రాళ్లలాగే ఉన్నాయి. మదనపల్లె నుంచి అమ్మ ఫోన్‌లో ఒకటే అడిగింది: "పులుసు ఎప్పుడు పోసినావే?"

ఇప్పుడు కావేరి నీళ్లు పట్టి ఉడికిస్తాను. గింజను వేళ్ల మధ్య నొక్కి చూసి, మెత్తగా నలిగాకే చింతపండు పులుసు, ధనియాలూ కొబ్బరీ నూరిన మసాలా. రెండు పొంగులు వచ్చేలోపు పక్క పొయ్యి మీద రాగి సంగటి కెలికేస్తాను.