సస్పెన్స్ అంటే దాచిపెట్టడం కాదండీ: డిటెక్టివ్ కథల మీద అపోహలు - వాస్తవాలు

మాది రాజోలు దగ్గర ఒక పల్లె. పదిహేనేళ్లుగా అడపాదడపా డిటెక్టివ్ కథలు రాస్తున్నాను. ఊళ్లో ఎవరు ఎదురైనా "ఈసారి ఎవర్ని చంపుతున్నారండీ?" అని పలకరిస్తారు, ఆ వెంటనే ఎలా రాయాలో కూడా వాళ్లే చెప్పేస్తారు. కొత్తగా రాద్దామని వచ్చే కుర్రాళ్లు కూడా అవే మాటలు పట్టుకొస్తున్నారు. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నా.

అపోహ: పాఠకుడికి ఎంత తక్కువ చెబితే అంత సస్పెన్స్.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. నిజానికి తెలియనిదాని గురించి ఎవరూ భయపడరు. సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనికి ఒక లెక్క చెప్పేవాడు. బల్ల కింద బాంబుందని చెప్పకుండా పేలిస్తే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు, ముందే చూపించి ఆ బల్ల దగ్గర నలుగురిని కూర్చోబెట్టి కబుర్లు చెప్పిస్తే 15 నిమిషాల టెన్షన్.

మన ఇంట్లోకి తెచ్చుకుని చూడండి. పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ముందు ఆత్రేయపురం పూతరేకుల పళ్లెం పెట్టారు. అందులో ఒకదాంట్లో విషం ఉంది. ఆ సంగతి మీకు తెలుసు, పళ్లెం తెచ్చిన మేనత్తకి తెలీదు. పెద్దాయన ఒకటి అందుకుంటాడు, పట్టుకునే పొలం సంగతులు మాట్లాడతాడు, చివరికి "సుగర్ అండీ" అని మళ్లీ పళ్లెంలోనే పెట్టేస్తాడు. పక్కనున్న పిల్లాడు చెయ్యి చాస్తాడు.

నేనేం దాచాను? చెప్పాల్సింది ముందే చెప్పేసి, ఆ తర్వాత ఆలస్యం చేశాను, అంతే. విషం ఎవరు కలిపారన్నది మిస్టరీ, ఎవరు తింటారన్నది సస్పెన్స్. రెండూ ఒకటేననుకుని చాలామంది మొదటిదాన్నే మూడొందల పేజీలు సాగదీస్తారు, పాఠకుడు వందో పేజీ దగ్గర నిద్రపోతాడు.

అపోహ: హంతకుడు ఎవరూ ఊహించనివాడై ఉండాలి.

సగం నిజం. ఊహించకూడదు గానీ, పుస్తకం అయిపోయాక వెనక్కి తిప్పి చూస్తే "ఓరి, ఇక్కడే ఉన్నాడే!" అనిపించాలి. ఆఖరి అధ్యాయంలో దుబాయ్ నుంచి దిగిన బాబాయి హంతకుడైతే అది మోసం. ఇంగ్లండులో రొనాల్డ్ నాక్స్ అనే పాద్రీ, తనూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, 1929లో ఇలాంటి కథలకి పది నియమాలు రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది వాటిలో మొదటిది. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలని ఇంకొకటి. ముందుగా సూచించకుండా కవలల్ని దింపకూడదని కూడా అన్నాడు (మన డబుల్ యాక్షన్ సినిమాలు చూస్తే ఏమైపోయేవాడో పాపం).

మరి అందరికీ చూపించిన ఆధారం అందరికీ ఎందుకు దొరకదు? చూపించిన మరుక్షణం చూపు పక్కకి లాగేస్తాం కాబట్టి. నా కథ ఒకదాంట్లో ఒకడు హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగానని, గోదావరి చూడటం ఇదే మొదటిసారని చెప్పుకుంటాడు. మూడో పేజీలో టీకొట్టు దగ్గర ఎవరో ఏదో అడిగితే "ఆయ్" అంటాడు, అది మా గోదావరి జిల్లాల వాళ్ల నోటి మాట. ఆ వెంటనే కొట్టువాడికీ ఇంకో మనిషికీ చిల్లర దగ్గర తగాదా పెట్టాను. పాఠకులు తగాదా చూశారు, "ఆయ్" వదిలేశారు. మా జిల్లాల వాళ్లే వదిలేశారు, ఎందుకంటే రోజూ వినే మాట చెవికి ఆనదు.

అపోహ: మొదటి పేజీ మొదలుపెడితే కథే దారి చూపిస్తుంది.

ప్రేమకథకి చూపిస్తుందేమో. డిటెక్టివ్ కథ పెద్దన్నగా చెప్పుకునే ఎడ్గార్ అలన్ పో తన మొదటి పరిశోధన కథ 1841లో అచ్చువేశాడు, ముగింపు తేల్చుకున్నాకే కలం పట్టాలని 1846లో ఒక వ్యాసంలో రాశాడు. నేను రెండు నోటుపుస్తకాలు పెట్టుకుంటాను. ఒకదాంట్లో హత్య జరిగింది జరిగినట్టుగా, గంటలతో సహా. రెండోదాంట్లో అదే సంగతి పాఠకుడికి ఏ వరసలో తెలుస్తుందో. మొదటి పుస్తకం అబద్ధమాడకూడదు.

ఆడితే ఏమవుతుందో నాకు తెలుసు. నా రెండో కథలో హంతకుడు మే నెలలో కత్తిని పంటకాలువలోకి విసిరేశాడు, అది బుడుంగున మునిగిపోయింది. అచ్చయిన వారానికి ఒక రైతు ఫోన్ చేశాడు. "మే నెలలో కాలువలో నీళ్లెక్కడివండీ? కత్తి పిల్లలకి దొరికేస్తుంది కదా!" నిజమే. దాళ్వా, అంటే రెండో పంట, కోతల వేళకి మా కాలువలకి నీళ్లు కట్టేస్తారు, మరమ్మతులూ పూడికతీతా చేసుకుని మళ్లీ జూన్‌లో వదులుతారు. కాలువ గట్టునే పుట్టి, అది మర్చిపోయి రాశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అలిబీ, అంటే హత్య వేళకి నేనక్కడ లేననే రుజువు, దాని సంగతీ అంతే. నరసాపురం నుంచి గోదావరి దాటించి సఖినేటిపల్లికి చేర్చే ఆఖరి పంటు (రేవు పడవ) వెళ్లిపోయింది కాబట్టి అవతలి ఒడ్డున హత్య చేసినవాడు నేను కాదంటాడు మీ హంతకుడు. బాగుంది, కానీ చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావచ్చుగా? ఆ దారి పాఠకుడికి తడితే పరువు పోతుంది, డిటెక్టివ్‌కి తట్టకపోతే ఇంకా పోతుంది. పోటుపాట్లు కూడా చూసుకోండి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ దిగువన గోదావరి నీళ్లు ఎదురు నడుస్తాయి, వేసిన చోటుకి ఎగువన శవం తేలితే అది తప్పు కాదు, మంచి ఆధారం.

అపోహ: మూసిన గదిలో హత్య మన పల్లెటూళ్లలో కుదరదు.

కుదురుతుంది, కాకపోతే ఇల్లు చూసి రాయాలి. పెంకుటిల్లయితే నాలుగు పెంకులు తీసి దిగి, మళ్లీ సర్దేసి పోతాడు, ఇక మిస్టరీ ఏముంది? డాబా వేయించండి.

అపోహ: వేలిముద్ర దొరికితే కథ అయిపోయినట్టే.

వేలిముద్రల బ్యూరో ప్రపంచంలో మొదట పెట్టింది మన దేశంలోనే, 1897లో కలకత్తాలో. కానీ ముద్ర ఎవరిదో చెబుతుంది గానీ ఎప్పుడు పడిందో చెప్పదు. నెల కిందట భోజనానికొచ్చిన తోడల్లుడి ముద్రలు ఇంట్లో ఉండవా మరి! ఆ సందేహంతోనే రెండు అధ్యాయాలు నడపొచ్చు. ఇక జేబురుమాలు మీద క్లోరోఫాం పోసి ముక్కుకి పెట్టగానే మనిషి పడిపోవడం ఉత్తిది. నిమిషాలు పడుతుంది, అంతసేపూ ఆ మనిషి గింజుకుంటూనే ఉంటాడు.

అసిస్టెంటు అలంకారమనుకోవడం కూడా పొరపాటే. షెర్లాక్ హోమ్స్‌కి వాట్సన్, కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌కి రాజు ఎందుకున్నారు? డిటెక్టివ్ బుర్రలోకి నేరుగా దూరితే గుట్టు ముందే తెలిసిపోతుంది. పక్కనున్నవాడి కళ్లతో చూపిస్తే ఆధారం కనబడుతుంది, దాని అర్థం కనబడదు.

అపోహ: హంతకుడు ఎస్సై ముందు ఒప్పేసుకుంటే శుభం కార్డే.

కోర్టులో ఆ ఒప్పుకోలు చెల్లదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద సాక్ష్యంగా వాడకూడదని 1872 నాటి చట్టం చెప్పింది, 2024 జూలై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమూ అదే చెబుతోంది. అయితే కస్టడీలో ఉన్నవాడు చెప్పినదాన్ని బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు వాడి మాట పనికొస్తుంది. కథలు రాసేవాడికి ఈ చిన్న సందు బంగారం.

ఇప్పుడు రాస్తున్న కథ దాని మీదే. కత్తి మళ్లీ కాలువలోనే వేయించాను, ఈసారి ఫిబ్రవరిలో, నిండు నీళ్లలో. ఎక్కడ వేశాడో మొదటి పేజీలోనే చెప్పేశాను. హంతకుడి ఇల్లు కాలువ గట్టు మీదే. ఏప్రిల్ వచ్చింది, ఎగువన తూము దించేశారు. రోజూ పొద్దున్నే పళ్లు తోముకోవడానికి రేవులోకి దిగుతాడు, నిన్నటికంటే ఒక మెట్టు ఎక్కువ బయటపడి ఉంటుంది. ఇంకా నాలుగు మెట్లున్నాయి.