వంటిల్లు మాయమైన రోజు: ఉమ్మడి కుటుంబం మీద మళ్లీ రేగిన తగవు

2025 ఫిబ్రవరిలో ఓటీటీలోకి వచ్చిన ‘మిసెస్’ అనే హిందీ సినిమా మీద ఒక పురుష హక్కుల సంఘం మండిపడింది. ఇంట్లో ఉండి వంట చేసుకునే కోడలికి అంత టెన్షన్ ఏముంటుందని సోషల్ మీడియాలో నిలదీసింది. అయిదు నెలలు తిరిగేసరికి, జూలై 29న, ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ సీరియల్ స్టార్ ప్లస్‌లో మళ్లీ మొదలైంది. అందులోని కోడలు తులసి విరానీగా స్మృతి ఇరానీయే తిరిగొచ్చారు. ఆ సినిమాలో కోడలు అత్తింటి నుంచి బయటికి నడుస్తుంది, ఈ సీరియల్లో కోడలు ఆ ఇంటిని నిలబెడుతుంది. దాంతో పాత తగవు రాజుకుంది. అందరూ కలిసుండే ఇంటిని తెర మీద అంత గొప్పగా చూపించడం సంస్కారమా, కోడళ్ల మీద బరువు పెట్టడమా అని.

ఇలాంటప్పుడు అందరూ దూరదర్శన్ రోజుల నుంచో, పెళ్లి పాటల సినిమాల నుంచో కథ ఎత్తుకుంటారు. అవి తెలిసినవే కాబట్టి వదిలేస్తాను. నా లెక్కలో అసలు మలుపు 2000 జూలై 3. ఆ రాత్రి తొమ్మిదింటికి అమితాబ్ బచ్చన్ ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’, పదిన్నరకు తులసి, ఒకే ఛానెల్లో మొదలయ్యారు. ఆ రోజు నుంచి హిందీ తెర మీది ఉమ్మడి ఇంట్లో ఒక గది మాయమైంది. అది వంటిల్లు. ఆ గదితో పాటు ఏం పోయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి, కథల దగ్గరికి వెళ్లాలి.

హిందీ, ఉర్దూ రచయిత ప్రేమ్‌చంద్ ఆ పేరుతో అచ్చేసిన తొలి కథ ‘బడే ఘర్ కీ బేటీ’. 1910లో కాన్పూరు ఉర్దూ పత్రిక ‘జమానా’లో వచ్చింది. అందులో గొడవంతా నెయ్యి దగ్గరే. మరిది లాల్‌బిహారీ రెండు పిట్టలు పట్టుకొచ్చి వదిన ఆనందిని వండమంటాడు. ఇంట్లో ఉన్నది పావుసేరు నెయ్యి. కలిగినింట పుట్టిన పిల్ల, పొదుపు తెలియదు, ఉన్నదంతా మాంసంలో వేసేస్తుంది. పప్పులోకి నెయ్యి లేదనగానే అతను ఆమె పుట్టింటిని ఎత్తిపొడుస్తాడు. మా పుట్టింట్లో ఆ మాత్రం నెయ్యి పనివాళ్లే రోజూ తినేస్తారని ఆమె అంటుంది. అతను పావుకోడు విసురుతాడు. చెయ్యి అడ్డం పెట్టుకోబట్టి తల దక్కింది గానీ వేలికి గట్టి దెబ్బ తగిలింది.

భర్త శ్రీకంఠ్ సింగ్ బీఏ చదివాడు, పట్నంలో ఉద్యోగం, శనివారానికి ఇంటికొస్తాడు. ఉమ్మడి కుటుంబాన్ని తెగ పొగిడే మనిషి. అందుకే ఊళ్లో ఆడవాళ్లకు అతనంటే పడదు. భార్యది వేరే ఆలోచన. ఎంత ఓర్చుకున్నా రోజూ తగవే అయితే వేరు కుంపటి పెట్టుకోవడమే మేలని ఆమెకు తోస్తుంది. చివరికి ఆమె వేలి దెబ్బ చూశాక, ఈ ఇంట్లో ఉండనని తండ్రి ముందు తెగేసి చెప్పింది ఆ పొగిడిన శ్రీకంఠే. ఇల్లు వదిలి పోతున్న మరిదిని ఆపి, ఇంటిని కలిపింది ఆనంది. ఈ ముగింపు పట్టుకుని, ప్రేమ్‌చంద్ ఉమ్మడి కుటుంబం పక్షమే అని వాదించేవాళ్లు ఉన్నారు. కాదనను. కానీ ఆ ఇంట్లో నెయ్యి ఎంతుందో, ఎవరు వండారో, దెబ్బ ఎవరికి తగిలిందో ఆయన ముందే చెప్పి పెట్టాడు. అది మర్చిపోయి చివరి పేజీ ఒక్కటే చదవడం న్యాయం కాదు.

అంతకు నలభయ్యేళ్ల ముందు, 1869లో, డిప్యూటీ నజీర్ అహ్మద్ ఉర్దూలో ‘మిరాత్-ఉల్-అరూస్’ రాశాడు. ఢిల్లీలో అక్కచెల్లెళ్లు అక్బరీ, అస్గరీల కథ. అత్తతో సరిపడక, వేరు కాపురం పెట్టించిన అక్బరీ, ఒక మోసగత్తెను నమ్మి నగలు పోగొట్టుకుంటుంది. అస్గరీ ఇంటిని నిలబెడుతుంది. బ్రిటిష్ ప్రభుత్వం ఈ పుస్తకానికి వెయ్యి రూపాయల బహుమతి కూడా ఇచ్చింది. తులసికి ముత్తవ్వ ఈ అస్గరీయే అనిపిస్తుంది. అయితే అస్గరీ ఇంటిని ఎలా నిలబెట్టింది? కన్నీళ్లతో కాదు. ఏళ్ల తరబడి ఇంటిని దోచుకుంటున్న పనిమనిషి లెక్కలు పట్టుకుని నిలబెట్టింది. కోడలి నీతులు చెప్పడానికే రాసిన పుస్తకంలో కూడా బజారు లెక్కలున్నాయి.

హిందీ రచయిత్రి ఉషా ప్రియంవద ‘వాపసీ’ కథలో తగవు ఒక మంచం గురించి. ముప్పయ్యయిదేళ్లు రైల్వేలో చేసి రిటైరై ఇంటికొచ్చిన గజాధర్ బాబుకు ఆ ఇంట్లో మంచం వేసుకునే చోటు ఉండదు. ముందు వచ్చేపోయేవాళ్ల గదిలో, తర్వాత పచ్చడి జాడీలున్న భార్య గదిలో. ఆయన మళ్లీ ఉద్యోగానికి వెళ్లిపోతాడు, ఈసారి చక్కెర మిల్లుకు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, చోటు లేదు, అంతే. 1984లో మనోహర్ శ్యామ్ జోషి రాసిన దూరదర్శన్ సీరియల్ ‘హమ్ లోగ్’ కూడా ఇరుకింటి కథే. తాగే తండ్రి, చాలీచాలని డబ్బు, పెళ్లికెదిగిన పిల్లలు.

ఇక 2000లో సీరియల్ కోసం కట్టిన విరానీల ఇల్లు ‘శాంతినికేతన్’ చూడండి. పెద్ద హాలు, మేడమెట్లు, పొద్దున లేస్తూనే పట్టుచీరలు. పప్పులోకి నెయ్యి ఉందా అని అడిగేవాళ్లు లేరు. ఎవరి జీతంతో ఇల్లు గడుస్తోందో మనకు తెలియదు. మరి తగవు ఎక్కడి నుంచి రావాలి? చెడ్డ మనసున్న ఇంకో ఆడదాని నుంచి. ప్రేమ్‌చంద్ దగ్గర పావుసేరు నెయ్యి చేసిన పని ఇక్కడ పెద్ద బొట్టు పెట్టుకున్న విలన్ చేయాల్సి వచ్చింది.

రచయితలను తిట్టి లాభం లేదు. రోజువారీ సీరియల్ లెక్క అలాంటిది. రాత్రికో అరగంట చొప్పున ఏళ్ల తరబడి నింపాలి. ఒకసారి వేసిన సెట్టు అన్నేళ్లూ పనికి రావాలి. నలుగురైదుగురు నటులు డేట్లు ఇవ్వకపోయినా మిగిలినవాళ్లతో షూటింగ్ నడవాలి. తులసి భర్త మిహిర్ పాత్రకే ముగ్గురు మారారు, అమర్ ఉపాధ్యాయ్, ఇందర్ కుమార్, రోనిత్ రాయ్. ఇల్లు విడిపోతే సెట్టు పోతుంది, సెట్టు పోతే సీరియల్ పోతుంది. అందుకే ఆ ఇల్లు 2008 నవంబరు దాకా, 1,800కు పైగా ఎపిసోడ్లు, విడిపోకుండా ఉంది. కథల్లో కోడలి మనసులో మెదిలిన ‘వేరు కుంపటి’ అన్న మాటకు సీరియల్లో చోటే లేకపోయింది. ఆ మాట అన్నవాళ్లు ఇంటికి శత్రువులయ్యారు. తర్వాత ఇదే అచ్చు అన్ని ఛానెళ్లకూ పాకింది. ‘సాథ్ నిభానా సాథియా’ను మా టీవీలో ‘కోడలా కోడలా కొడుకు పెళ్ళామా’గా మనమూ ఏళ్లపాటు చూశాం.

సీరియల్ పక్షం వాళ్లకూ చెప్పుకోవడానికి ఉంది. అది ఇళ్లలో ఆడవాళ్లకు గొంతునిచ్చిందని నిర్మాత ఏక్తా కపూర్ అంటారు. భార్యను బలాత్కరించిన సొంత కొడుకు అంశ్‌ను తులసి కాల్చేసింది. కోర్టులు, పార్లమెంటు ఇప్పటికీ తేల్చలేని ఆ నేరాన్ని అప్పుడే చూపించడం చిన్న విషయం కాదు. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2009లో అచ్చువేసిన పరిశోధన కూడా ఉంది. 2001 నుంచి 2003 మధ్య కేబుల్ టీవీ వచ్చిన పల్లెల్లో, భార్యను కొట్టడం తప్పులేదనే ఆడవాళ్లు తగ్గారని, కొడుకే కావాలనే పట్టు సడలిందని తేల్చింది. అయితే వాళ్లు కొలిచింది కేబుల్ టీవీ మొత్తాన్ని, ఒక సీరియల్‌ను కాదు.

పోయిన వంటిల్లు ఈమధ్య సరిహద్దు అవతల మళ్లీ కనిపించింది. 2024లో పాకిస్తాన్ ఛానెల్ ఏఆర్‌వై డిజిటల్‌లో వచ్చిన ‘కభీ మై కభీ తుమ్’ను ఇక్కడా యూట్యూబ్‌లో ఎగబడి చూశారు. 2025లో పహల్గామ్ దాడి తర్వాత అక్కడి ఛానెళ్లు చాలావరకు ఇక్కడ ఆగిపోయాయి. ఆ కథలో సంపాదించే పెద్దకొడుకు తల్లికి ముద్దు, సంపాదన లేని చిన్నకొడుకు ముస్తఫా ఇంట్లో అందరికీ లోకువ. ముస్తఫా, అతని భార్య షర్జీనా ఇల్లు వదిలి చిన్న అద్దె ఇంట్లో కాపురం పెడతారు. అద్దె కట్టడానికి పడే తిప్పలు చూస్తూనే జనం వాళ్ల ప్రేమను నమ్మారు. ఇల్లు వదిలినందుకు కథ వాళ్లను అక్బరీలా శిక్షించలేదు.

‘మిసెస్’ కూడా కెమెరాను తిన్నగా వంటింట్లోనే పెట్టింది. మామగారికి చట్నీ రోటి మీద నూరిందే కావాలి. అన్నేళ్లు అత్త నూరింది, ఇప్పుడు కోడలు రిచా వంతు. ఆ ఇంట్లో అత్త చెడ్డది కాదు, విలన్లు ఎవరూ బొట్లు పెట్టుకుని తిరగరు. సింకు కింద పైపు కారుతుంటుంది. ప్లంబర్‌ను పిలిపించమని రిచా భర్తకు పదే పదే చెబుతుంది. అతను డాక్టరు, తీరిక దొరకదు. సింకు కింద నీళ్లు కారుతూనే ఉంటాయి.